పనికొస్తుందని

ముందు గది, కిటికీ పక్క
జూన్ మొదటి వారం

గరిటె మహారాజుకి,

నీకు ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో గుర్తు కూడా లేదు. ఫోను చేద్దామంటే నువ్వు ఆ హాస్టలు వంటింట్లో గిన్నెల మోత మధ్య “ఏంటి బావా” అని నలుగురికీ వినపడేలా అరుస్తావు. పక్కనే మీ అక్క ఉంటుంది. అందుకే కాగితం పట్టుకున్నాను.

మీ అక్కకి నిన్ను చూడాలనిపించింది, వచ్చింది. అంతకు మించి ఏమీ లేదు. కుడిచేతి కట్టు చూసి కంగారు పడకు. వెనక గది గుమ్మంలో నేనొక ఫ్యాను మోటారు పెట్టాను. ఒక్క పూట కోసమే పెట్టాను. ఆవిడ తడిబట్టల బకెట్టుతో వస్తూ చూసుకోలేదు. మణికట్టు దగ్గర ఎముక కాస్త చిట్లిందన్నాడు డాక్టరు. కట్టు విప్పకుండా ఉంటే అదే అతుక్కుంటుందట.

వెళ్లేటప్పుడు నాతో పోట్లాడలేదు సుమా. పోట్లాడి వెళ్తే నాకు ధైర్యంగా ఉండేది. సంచి సర్దుకుంది, పాలవాడికి రేపటినుంచి సగం పొయ్యమని చెప్పింది, చెప్పులేసుకుంది. నేను ఆటో పిలిచేలోపే వీధి మలుపు తిరిగిపోయింది.

ఇల్లు ఎప్పటిలాగే ఉంది. ముందు గదిలో నా బల్ల, బల్ల చుట్టూ రేడియోలు, వాటి పక్కన ఇస్త్రీపెట్టెలు. మంచం దగ్గరికి ఈమధ్య కుర్చీలు కూడా చేరాయి. ఏదో ఆఫీసువాళ్లు గదులు మారుతూ వీధిలో పడేశారు. అన్నిటికీ తలా ఒక కాలే పోయింది. ఒక్క కాలు పోతే కుర్చీని పారేస్తారా ఎవరైనా?

ఎప్పుడు వస్తుందని అడగమని కాదు. మాటల్లో మాటగా తెలిస్తే ఒక ముక్క రాయి. నీ చిన్నప్పటి సైకిలు చట్రం ఇంకా అటక మీదే ఉంది. పనికొస్తుందని ఉంచాను.

నీ బావ


హాస్టలు వంటిల్లు, బియ్యం బస్తాల గది
జూన్ మూడో వారం

స్క్రూడ్రైవరు బావకి,

నీ ఉత్తరం బస్తా మీద కూర్చుని రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి రాలేదు.

అక్క బాగానే ఉంది. నా మంచం ఆవిడకిచ్చి నేనిక్కడ బస్తాల పక్కన పడుకుంటున్నాను. వచ్చిన రోజు మంచం మీద వాలి, కాళ్లు బారుగా చాపి, అలా పైకప్పుకేసి చూస్తూ ఉండిపోయింది. ఏమైందక్కా అంటే, కాలికి ఏమీ తగలట్లేదురా అంది.

బావా, నువ్వు రాయనిది ఒకటుంది. అక్క పడగానే నువ్వు పరిగెత్తుకొచ్చావట. వచ్చి, ముందు మోటారుని ఎత్తి, తీగ ఎక్కడైనా తెగిందేమోనని తిప్పి చూశావట. ఆ తర్వాత అక్కని లేపావట. ఈ సంగతి ఆవిడ ఏడుస్తూ చెప్పి ఉంటే నేను ఓదార్చేవాణ్ణి. కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా చెప్పింది. నాకు భయమేసింది. చివర్లో ఒక్క మాట అంది: “ఆ ఇంట్లో అన్నిటికీ చోటుంది రా, నాకే లేదు.”

ఊరికే కూర్చోవడం ఆవిడకి చేతకాదని నీకు తెలుసుగా. చేతికి కట్టు ఉండగానే మా మెస్సులోకి వచ్చేసింది. తిన్న కంచాలు కడిగే చోట ఒక స్టూలు వేసుకుంది. అక్కడే మిగిలిన అన్నం పారేసే డ్రమ్ము ఉంటుంది. ఎవరు ఎంత వదిలేస్తున్నారో ఒక్కొక్కరినీ చూస్తూ కూర్చుంటోంది. ఏమీ అనదు, చూస్తుందంతే. పగలంతా మిషన్ల దగ్గర పనిచేసి వచ్చే మొగాళ్లు, ఎవరికీ జంకనివాళ్లు, ఈవిడ ముందు నుంచి కంచం దాచుకుని వెళ్తున్నారు.

ఎప్పుడు వెళ్తావని అక్కని నేను అడగను. నా నోటితో అడిగితే వెళ్లమన్నట్టుంటుంది. దానికి బదులు నిన్నొకటి అడుగుతాను. మా అక్క రేపు మీ ఇంటికొస్తే ఎక్కడ కూర్చుంటుంది? ఇల్లంతా తిరిగి, చోటు చూసి రాయి.

నీ బావమరిది


ముందు గది
జూలై

గరిటెకి,

మహారాజు బిరుదు తీసేశాను. నీ ఉత్తరం చదివి ఒళ్లు మండింది.

నేనేమన్నా తాగి పడుకున్నానా? ఒకరి సొమ్ము ఎత్తుకొచ్చానా? జనం పారేసినవి తెచ్చాను, అంతే. మా వీధి చివర చెత్తకుండీ దగ్గర ఒక్క పూట నిలబడి చూడు, నీకే తెలుస్తుంది. తీగ ఊడితే మిక్సీ పారేస్తారు. జిప్పు పాడైతే సంచి పారేస్తారు. బ్యాటరీ అయిపోయిన గడియారాన్ని, అందులో బ్యాటరీ ఉంటుందని కూడా చూడకుండా పారేసినవాళ్లున్నారు. ఊళ్లోవాళ్లంతా నాలా ఉంటే చెత్తబండి తోలేవాడు ఇంటి దగ్గర కూర్చుని మనవళ్లని ఆడించుకోవచ్చు. భూమి బరువు తగ్గిస్తున్నానని ఒక్కళ్లూ మెచ్చుకోరు సరికదా, నా బావమరిదే నాకు పరీక్షలు పెడుతున్నాడు.

ఇదంతా రాసి కాగితం పక్కన పెట్టి టీ పెట్టుకున్నాను. టీ తాగాక మిగతాది రాస్తున్నాను.

మోటారు సంగతి నిజమే. ఎత్తాను. చెయ్యి దానంతటదే అటు పోయింది. ఆవిడ నేలమీద కూర్చుని, చెయ్యి ఒళ్లో పెట్టుకుని, నన్నే చూస్తోంది. ఆ చూపు ఇప్పటికీ నా వెంట తిరుగుతోంది. సిగ్గుగా ఉంది రా. ఈ మాట నువ్వు చెప్పకు, నేనే చెప్పుకోవాలి.

ఇక నీ ప్రశ్న. కోపంగానే లేచి చోటు చూశాను. మీ అక్క రోజూ కూరలు తరుక్కునే చోట కూర్చున్నాను. ఒక పక్క గోడ, ఒక పక్క ఇస్త్రీపెట్టెలు. మోకాళ్లు గడ్డానికి ఆనించుకుంటే తప్ప కూర్చోలేం. పళ్లెం పెట్టుకోవడానికి జాగా లేదు, ఒళ్లోనే పెట్టుకునేదన్నమాట. కాసేపటికే నడుము పట్టేసింది. ఇన్నాళ్లూ ఆవిడ నడుం నొప్పి అంటుంటే వయసు మీదపడుతోందని వేళాకోళం చేసేవాణ్ణి.

చోటు లేదు. రాశాను. సంతోషమేనా?

బావ


బియ్యం బస్తాల గది
జూలై చివర

బావకి,

సంతోషమే. నువ్వు ఆ ముక్క రాస్తావనుకోలేదు. స్క్రూడ్రైవరు బిరుదు అలాగే ఉంచాను, చూసుకో.

ఇక్కడ మీ ఆవిడ నా కొంప ముంచుతోంది. మొన్నామధ్య నా పెద్ద గరిటె దాచేసింది. చిన్నదానితో వడ్డించి, కావాలా అని మళ్లీ అడగమంది. నాకు తల కొట్టేసినంత పనయింది. ఇన్నేళ్లుగా నిండుగా వడ్డిస్తాడని నాకు పేరు. మొదట్లో తినేవాళ్లు గోల చేశారు, పిసినారి వంటవాడన్నారు. నేను మొహం చాటేసి పొయ్యి దగ్గర నిలబడ్డాను. ఇప్పుడు వాళ్లే రెండోసారి వచ్చి, వేడిగా పెట్టించుకుని, కంచం తుడిచినట్టు తింటున్నారు. డ్రమ్ము సగం కూడా నిండట్లేదు. మిగిలిన తొక్కలూ గింజలూ పెరట్లో గొయ్యి తీయించి, అందులో వేసి మట్టి కప్పిస్తోంది. వంటింట్లో వాసన పోయింది. నేనే ఒప్పుకోవాల్సి వస్తోంది.

మొన్న ఆ గొయ్యి పక్కన నిలబడి అంది, “వండి డ్రమ్ములో పోసినా, తెచ్చి అటక మీద పెట్టినా ఒకటేరా. ఎవరికీ అందదు.” ఆ మాట నీ గురించేనని ఆవిడ అనలేదు. నేనూ అడగలేదు. నీకు రాయాలనిపించింది, రాశాను.

చెప్పడానికి చిన్నవాణ్ణి గానీ, ఒక పని చెయ్యి. కొత్తగా ఏదీ గుమ్మం లోపలికి తేకు. ఉన్నవాటిలో బాగయ్యేవి బాగుచేసి, వాడుకునేవాళ్ల చేతికి ఇచ్చెయ్యి. చెత్తకుండీలో వెయ్యమనట్లేదు, కంగారు పడకు.

ఇంకో సంగతి. ఇదంతా ఎప్పుడు మొదలైంది బావా? మీ పెళ్లయిన కొత్తలో నేను సెలవులకి వస్తే ముందు గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా దొర్లేవాణ్ణి. అక్కని అడిగాను. ఫ్యాక్టరీ వదిలేశాక అని ఊరుకుంది. మిగతాది మింగేసింది.

నీ బావమరిది


ముందు గది
ఆగస్టు

గరిటె మహారాజుకి (బిరుదు తిరిగి ఇచ్చాను),

ఫ్యాక్టరీని నేను వదల్లేదు. అదే నన్ను వదిలేసింది. మోటార్లకి తీగ చుట్టే మా సెక్షను తీసేశారు. తయారుగా చుట్టినవి బయటినుంచి తెప్పించుకుంటే చవకట. మా సూపర్‌వైజరు మంచి మనిషే, పక్కకి పిలిచి టీ ఇప్పించాడు. నీ పనిలో తప్పేమీ లేదయ్యా, నీ అవసరం లేదు, అంతే, అన్నాడు. తప్పుందంటే దిద్దుకునేవాణ్ణి. అవసరం లేదంటే ఏం చెయ్యను?

ఆ సాయంత్రం ఇంటికొస్తుంటే దారిలో ఎవరో పడేసిన ఫ్యాను కనిపించింది. మా సెక్షనులో చుట్టిందే. తీగ వరస చూస్తే ఎవరి చేతిదో కూడా చెప్పగలను. దాన్ని ఎత్తుకుని ఇంటికి తెచ్చాను. ఏంటిది అంది మీ అక్క. పనికొస్తుంది అన్నాను. ఉద్యోగం పోయిందని చెప్పడానికి మాత్రం ఇంకో వారం పట్టింది.

అప్పటినుంచీ వీధిలో ఏది పడి ఉన్నా దాటి రాలేను. నన్నూ అలాగే పక్కన పెట్టేశారు కదా. దాన్ని వదిలి వస్తే అక్కడ నేనే పడి ఉన్నట్టుంటుంది. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీ అక్కకి అసలు చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

ఇక నీ సలహా. పాటించాను, తల ప్రాణం తోకకొచ్చింది. మొదట ఎదురింటి టైలరమ్మకి ఒక ఇస్త్రీపెట్టె పట్టుకెళ్లి గొప్పగా ఇచ్చాను. వేడెక్కుతుందా అంది. కాయిలు వేస్తే ఎక్కుతుంది అన్నాను. మరి వేసి పట్రండి అని తలుపేసుకుంది. మంగలి దగ్గరికి కుర్చీ తీసుకెళ్తే, మూడు కాళ్ల కుర్చీలో కూర్చోబెట్టి గెడ్డం గీస్తే నా చేతిలో కత్తి ఎటు పోతుందో మీరే చెప్పండి అన్నాడు. షాపులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకు ఉక్రోషం వచ్చింది.

ఇంటికొచ్చి బల్ల ముందు కూర్చుంటే అప్పుడు తట్టింది. ‘బాగుచెయ్యొచ్చు’ అని నేను పొద్దస్తమానం అంటూనే ఉంటాను. ‘బాగుచేశాను’ అని ఆఖరిసారి ఎప్పుడన్నానో గుర్తు రాలేదు. తీగ చుట్టడంలో నా అంత చెయ్యి తిరిగినవాడు లేడంటారు, మరి ఇంటి నిండా సగం విప్పినవే. పని పూర్తయితే దాన్ని ఇచ్చేయాలి కదా. ఇచ్చేస్తే మళ్లీ ఖాళీ చేతులు.

అయినా కూర్చున్నాను. ఇస్త్రీపెట్టెకి కాయిలు వేశాను. టైలరమ్మ నా ముందే ఒక జాకెట్టు మీద వేసి చూసి, టీ తెచ్చిచ్చింది. కుర్చీకి కాలు అతికాక మంగలి తనే ముందు కూర్చుని చూసుకుని, తర్వాత నన్ను కూర్చోబెట్టి ఉత్తినే గెడ్డం గీశాడు. రిటైరైన పోస్టుమాను ఒక రేడియో తీసుకుని, పలికేదాకా నా గుమ్మంలోంచి కదల్లేదు. ఇప్పుడు సాయంత్రాలు బల్లని గుమ్మం బయట వేస్తున్నాను. వాళ్ల వస్తువులు వాళ్లే తెస్తారు, పక్కన కూర్చోబెట్టి బాగుచేసి వాళ్ల చేతికే ఇచ్చి పంపుతాను. ఒక్కటి కూడా లోపలికి రానివ్వట్లేదు.

ముందు గదిలో చాప పరిచేంత నేల కనిపిస్తోంది. వెనక గది జోలికి ఇంకా పోలేదు, అది కొండ. చాప మీద నేను కూర్చోవట్లేదు. అది ఆవిడ చోటు.

బావ


హాస్టలు, నా గది (ఈ పూట అక్క వంటింట్లో ఉంది)
సెప్టెంబరు

బావకి,

నువ్వు చెప్పొద్దన్నావు, నేను చెప్పలేదు. ఉత్తరం దిండు కింద పెట్టి మర్చిపోయానంతే. మంచం ఆవిడదని నీకు ముందే రాశాను కదా.

ఆవిడ అది చదివింది. సాయంత్రం కంచాల దగ్గర స్టూలు మీద కూర్చుని చెప్పింది. ఉద్యోగం పోయిన ఆ వారమంతా నువ్వు అన్నం డబ్బా పట్టుకుని పనికి వెళ్తున్నట్టే వెళ్లావట. ఆవిడకి మొదటి రోజే తెలుసట, మీ ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన భార్య చెప్పేసిందట. అడిగితే నువ్వు చిన్నబుచ్చుకుంటావని, ఏమీ తెలియనట్టు డబ్బా కట్టి ఇచ్చిందట. “ఆ వారం అడిగేసి ఉంటే బాగుండేది రా. నేనూ మాట దాచాను, ఆయనా దాచారు. తర్వాత ఇల్లంతా దాచుడే అయిపోయింది” అంది. ఎక్కడికి వెళ్లేవాడివి బావా ఆ వారం?

కట్టు పోయిన నెలే విప్పారు. చెయ్యి సన్నబడింది గానీ వేళ్లు బాగానే ఆడుతున్నాయి. నిన్న ఉన్నట్టుండి, వెనక గది కిటికీ తెరుచుకుంటుందేమో కనుక్కో అంది. తెరుచుకుంటుందా?

ఇప్పుడు అసలు సంగతి. మా వార్డెను అక్కని ఉండిపొమ్మంటున్నాడు. డ్రమ్ములు తగ్గాయని, వంటింటి పెత్తనమంతా ఆవిడకే ఇస్తాడట, ఉండటానికి గది కూడా. నేను ఉండమని ఒక్క మాట అనలేదు. కానీ అబద్ధం ఎందుకు, నాకు బాగుంది బావా. పని అయ్యాక తిన్నావా అని అడిగే మనిషి ఉంది. ఈ నెలాఖరుకి ఏదో ఒకటి చెప్పాలట. నీకు తెలియకుండా ఉంటే బాగుండదని రాస్తున్నాను.

నీ బావమరిది


ఇల్లు (మొత్తం ఇల్లు!)
సెప్టెంబరు, నీ ఉత్తరం అందిన మర్నాడే

గరిటె మహారాజుకి,

నీ ఉత్తరం చూశాక అన్నం సహించలేదు. నెలాఖరంటే ఎంతో దూరం లేదు. ఒక్కో వస్తువూ బాగుచేసి ఇస్తూ కూర్చుంటే వెనక గది ఖాళీ అయ్యేసరికి మీ అక్క ఆ హాస్టలుకి యజమానురాలయిపోతుంది. అందుకని పాతసామాన్లవాణ్ణి పిలిచాను. పెద్ద బండి తెచ్చాడు.

నా సంగతి నాకు తెలుసు. ఒక్కటి కంటబడితే చాలు, ఆగవయ్యా అంటాను. అందుకే వెనక గది తలుపు తీసి, ఇందులో ఉన్నదంతా తీసుకెళ్లు, నాకు మాత్రం ఏదీ చూపించకు, ఏదీ అడగకు అని చెప్పి, గోడకేసి తిరిగి నిలబడ్డాను. చప్పుళ్లు వినిపిస్తున్నాయి. ఇది ఫ్యాను, ఇది గ్రైండరు అని చెవులకే తెలిసిపోతోంది. వెనక్కి తిరగలేదు రా. ఇంత గట్టిగా నేను దేనికీ నిలబడలేదు.

బండి వెళ్లాక తిరిగి చూశాను. నాలుగు గోడలూ కనిపించాయి. కిటికీ తెరుచుకుంటుందని చెప్పు. తుప్పు గీకి నూనె వేశాను, ఒక్క వేలితో తోస్తే చాలు. గాలి ముందు గది దాకా వస్తోంది.

ఆ వారం పార్కులో బెంచీ మీద కూర్చునేవాణ్ణి. మధ్యాహ్నం డబ్బా విప్పితే రోజూ నాకిష్టమైన కూరే ఉండేది. అదృష్టం అనుకున్నాను. ఆవిడ తెలిసే వండిందన్నమాట. నిన్నటినుంచీ అదే తలుచుకుంటున్నాను.

వచ్చెయ్యమను. చోటుంది.

బావ


బియ్యం బస్తాల గది
సెప్టెంబరు

బావా,

నీ ఉత్తరం ఈసారి నేనే చదివి వినిపించాను. గోడకేసి తిరిగి నిలబడ్డావన్న చోట అక్క పగలబడి నవ్వింది. ఆవిడ అలా నవ్వడం చూసి నాకు కళ్లు చెమర్చాయి. ఆదివారం రైలుకి బయల్దేరతానంది.

ఆ వెంటనే ఆగింది. వెనక గది మూలలో పచ్చ గుడ్డ చుట్టి తన టైపు మిషను ఉండాలి, అది తీయించి పక్కన పెట్టారా అని అడిగింది. పెళ్లికి ముందు వకీలు దగ్గర టైపు చేసేది కదా, ఆయన పని మానేస్తూ ఇచ్చిన మిషను. బిగుసుకుపోతే, ఆదివారం చూస్తానని నువ్వన్నావట. ఏ ఆదివారమో చెప్పలేదట.

నీ ఉత్తరంలో దాని ఊసు లేదు. అక్క సంచి సర్దుతూ సర్దుతూ ఆపేసి కూర్చుంది. వార్డెనుకి ఇంకా ఏమీ చెప్పలేదు.

అది ఉందని రాయి బావా. ఒక్క ముక్క చాలు.

నీ బావమరిది


ముందు గది
అక్టోబరు

గరిటె, ఈ ఉత్తరం నీది కాదు. మీ అక్క చేతికివ్వు.

ఏమోయ్,

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. పక్కనే ఉండేదానివి కదా, అవసరం రాలేదనుకున్నాను. ఉన్నదున్నట్టు రాస్తాను.

టైపు మిషను లేదు. బండిలో వెళ్లిపోయింది. నేను గోడకేసి తిరిగి ఉన్నప్పుడే వెళ్లింది. ఉత్తరం అందగానే పాతసామాన్ల కొట్టుకి పరిగెత్తాను. అప్పటికే సుత్తితో కొట్టి ఇనుము ఇనుములో, మిగతాది మిగతాదాంట్లో వేసేశారు. పచ్చ గుడ్డతో అక్కడెవరో చేతులు తుడుచుకుంటున్నారు. చట్రం విరిగి ఉంది. నేను బాగుచెయ్యలేనిది ఒకటుంటుందని మొదటిసారి తెలిసింది.

ఆ కొట్టులోనే అలాంటిది ఇంకోటుంది. అది తెచ్చి, తుడిచి, గుడ్డ చుట్టి మూల పెడితే నీకు తెలియకపోవచ్చని ఒక్క క్షణం అనుకున్నాను. అనుకున్నందుకే రాస్తున్నాను. తేలేదు. కొట్టువాడు జాలిపడి, విరిగినదాంట్లోంచి అక్షరాల బిళ్లలు ఏరి, తీసుకెళ్లండి, దేనికైనా పనికొస్తాయి అని దోసిట్లో పోశాడు. చాలాసేపు పట్టుకుని నిలబడ్డాను. తిరిగి ఆ కుప్పలోనే పోసి వచ్చాను. అవి నీవి, నేను దాచుకునేవి కావు.

ఊళ్లోవాళ్ల ఇస్త్రీపెట్టెలన్నీ బాగుచేశాను. ఇంట్లో మనిషి అడిగిన ఒక్క పని ఇన్నేళ్లూ వాయిదా వేశాను. నువ్వెక్కడికీ పోవు కదా అన్న ధీమా. నువ్వు పడ్డ రోజు ముందు నిన్ను ఎత్తాల్సింది. నా చెయ్యి మోటారు మీదకి పోయింది. దానికి సాకు లేదు. తప్పయింది.

అక్కడ నీకు పని ఉంది, నీ మాటకి విలువ ఉంది. ఉండాలనిపిస్తే ఉండు. నేనే అప్పుడప్పుడూ వచ్చి చూసి వెళ్తాను. ఈ మాట కోపంతో రాయట్లేదు. ఇల్లు ఖాళీ చేసింది నువ్వు వస్తావనే, నిజమే. కానీ ఖాళీ చేశాను కాబట్టి నువ్వు వచ్చి తీరాలని కాదు. నువ్వు లేక నాకు బాగోలేదు. అది మాత్రం నిజం.

నీ ఆయన


హాస్టలు, తమ్ముడి గది
అక్టోబరు

ఏమండీ,

అక్షరాలు వంకర పోతున్నాయి, సర్దుకుని చదువుకోండి. కట్టు విప్పాక మొదటిసారి కలం పట్టాను. తమ్ముడు తను రాస్తానన్నాడు, వద్దన్నాను. మీ ఇద్దరి మధ్య నా సంగతులు చాలా తిరిగాయి.

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. మిషను పోయినందుకు కాదని రాస్తే అబద్ధమవుతుంది. పోయినందుకే ఏడ్చాను. పెళ్లికి ముందు నా సొంత సంపాదనంతా ఆ మిషను మీదే నడిచింది. రెండు రోజులు మీ మీద కోపంతోనే ఉన్నాను. గడువు దాటినా నా కోసం ఆగిన వార్డెను దగ్గరికి వెళ్లి ఉండిపోతానని చెప్పేశాను కూడా.

మూడో రోజు గొయ్యిలో మట్టి కప్పిస్తుంటే నా మీద నాకే నవ్వొచ్చింది. మీరు చూడకపోతే బజారులో ఇంకొకళ్లు లేరా? నేనే తీసుకెళ్లి బాగుచేయించుకోవచ్చు. వెళ్లలేదు. మీరే చెయ్యాలని పంతం. గుడ్డ చుట్టి మూల పెట్టి, దాని మీద మీరు ఒక్కో సామాను పేరుస్తుంటే చూస్తూ, ఎప్పటికి గుర్తొస్తుందో చూద్దాం అని కూర్చున్నాను. పడి ఉన్న వస్తువుల్ని మీరు దాచారు, పట్టిన పంతాన్ని నేను దాచాను. ఇద్దరం ఒకటే బాపతు.

ఇంకో మాట. మీరు ఆ అక్షరాల బిళ్లలు జేబులో వేసుకొచ్చి ఉంటే నేను వచ్చేదాన్ని కాదు. బల్ల మీద ఒకటి, అద్దం దగ్గర ఒకటి, సంవత్సరం తిరిగేసరికి మళ్లీ మొదటికొచ్చేది. తిరిగి పోసి వచ్చారని చదివాక సంచి మళ్లీ దించాను.

వార్డెనుకి నిజం చెప్పాను, కోపంలో ఒప్పుకున్నానని. వంట దగ్గర ఉండే ఒకావిడకి అన్నీ చూపించి పదిహేనో తారీఖున బయల్దేరతాను. మీ గరిటె మూతి ముడుచుకుని తిరుగుతున్నాడు. నెలకోసారి వచ్చి నాలుగు రోజులు ఉండి వెళ్తానని ఒట్టేస్తే గానీ నాకు టిక్కెట్టు తెచ్చివ్వలేదు. ఇంటికొచ్చినా నేను ఊరికే కూర్చోను. మన ఊళ్లోనూ మెస్సులున్నాయి, డ్రమ్ములు నిండుతూనే ఉంటాయి. పొద్దున్న నా పనికి నేను వెళ్తాను, సాయంత్రం మీ బల్ల గుమ్మం బయట వేసుకోండి. వెనక గది నాది. అందులో ఏం పెట్టాలో, అసలేమీ పెట్టకూడదో నేనే చెప్తాను.

మోటారు ముచ్చట మళ్లీ ఎత్తకండి. తప్పయిందన్నారు, విన్నాను.

ఆ రోజు స్టేషనుకి రండి. దారిలో ఏది పడి ఉన్నా తల తిప్పుకుని రండి. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఒక చేతికి సంచి ఇస్తాను. రెండో చెయ్యి నాకు కావాలి.

మీ ఆవిడ